ఏ పొర ఎవరిది? పురావస్తు తవ్వకాలు, రాజకీయాలపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి: నేల కింద దొరికిన ఆధారంతో ఒక దేశం గానీ, ఒక జాతి గానీ, ఒక మతం గానీ నేల పైన తన హక్కును నిరూపించుకోగలదా అని. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. కొన్ని జవాబులు పొడుగయ్యాయి. ఆ ప్రశ్నలు రెండు ముక్కల్లో తేలేవి కావు.

ప్రశ్న: ఒక ప్రాంతంలో ఒకే రకం కుండలు, ఒకే రకం ఆభరణాలు దొరికితే అక్కడ ఫలానా జాతివారు నివసించారని పుస్తకాల్లో రాస్తారు. కుండ పెంకును చూసి మనిషి జాతిని చెప్పడం ఎంతవరకు సాధ్యం?

జవాబు: ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో యూరప్ రాజకీయాల్లో కొంత భాగం సరిగ్గా ఈ ఊహ మీదే నడిచింది. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన గుస్తాఫ్ కొస్సినా (1858–1931) ఒకే తరహా వస్తువులు స్పష్టమైన హద్దులతో ఎంత మేర కనిపిస్తే అంత మేర ఒకే జాతి నివసించిందని, ఆ జాతి మూలాలను వస్తువుల ఆధారంగానే వేల ఏళ్ల వెనక్కి తీసుకుపోవచ్చని బోధించారు. ఈ సూత్రాన్ని పటం మీద పెట్టి చూస్తే పొరుగు దేశంలో దొరికిన పాత కుండ కూడా మన పూర్వీకులది అవుతుంది. ఆ నేల కూడా మనదే కావాలనడానికి ఇంకొక్క అడుగు చాలు. కొస్సినా నాజీలు అధికారంలోకి రాకముందే మరణించినా ఆయన వాదన వారి ప్రచారానికి పనికొచ్చింది. 1935లో హిమ్లర్ చొరవతో ఏర్పడిన అనెనెర్బె అనే సంస్థ తవ్వకాలను ఆ ప్రచారానికి ఊడిగం చేసే పనిగా మార్చింది.

ఈ పద్ధతిలోని లోపం పోలండ్‌లోని బిస్కుపిన్‌లో బయటపడినంత స్పష్టంగా మరెక్కడా బయటపడలేదని నా అభిప్రాయం. 1933లో ఒక బడిపంతులు అక్కడి సరస్సు దగ్గర నీటిలోంచి పొడుచుకు వచ్చిన పాత కలపను గమనించారు. మరుసటి ఏడాది నుంచి పోజ్నాన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు యూజెఫ్ కొస్త్షెవ్‌స్కీ అక్కడ తవ్వకాలు జరిపించి, దుంగలతో కట్టిన ప్రాకారం, వరుసగా నిలిచిన ఇళ్లు, దుంగలు పరచిన వీధులు ఉన్న ఒక పురాతన జనావాసాన్ని వెలికితీశారు. దానిని కట్టినవారు పోలిష్ ప్రజలు కూడా చెందిన స్లావుల పూర్వీకులని ఆయన వాదించారు. 1939లో జర్మనీ పోలండ్‌ను ఆక్రమించుకున్నాక అనెనెర్బె బృందం అదే చోట తవ్వి, దానిని జర్మన్ల చరిత్రలో కలపడానికి ప్రయత్నించింది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే కొస్త్షెవ్‌స్కీ బెర్లిన్‌లో కొస్సినా దగ్గరే చదువుకున్నారు. గురువు నేర్పిన పద్ధతినే వాడి, అవే కుండల నుంచి, శిష్యుడు గురువుకు పూర్తిగా వ్యతిరేకమైన ఫలితాన్ని రాబట్టారు. తర్వాతి కాలంలో చెట్టు వలయాలను లెక్కించి ఆ కలపలో సగానికి పైగా క్రీ.పూ. 738 ప్రాంతపు చలికాలంలో నరికినదని తేల్చారు. ఈ తేదీని ఇరుపక్షాల్లో ఎవరూ కాదనలేరు. కానీ ఆ ఇళ్లలో ఏ భాష మాట్లాడేవారో, తమను తాము ఏమని పిలుచుకునేవారో చెప్పే రాత ఒక్కటీ అక్కడ లేదు.

కుండల తీరు ఒకటే కావడానికి కారణాలు చాలా ఉంటాయి. వ్యాపారం ఉండవచ్చు, పెళ్లి చేసుకుని వచ్చిన స్త్రీలు తమతో తెచ్చిన పనితనం ఉండవచ్చు, పొరుగువారిని చూసి నేర్చుకున్నది ఉండవచ్చు. ఈమధ్య ప్రాచీన అస్థికల నుంచి డీఎన్‌ఏ తీసి పరీక్షించడం సాధ్యమయ్యాక కొస్సినా సూత్రం కొత్త వేషంలో తిరిగి వస్తున్నదన్న హెచ్చరిక పురావస్తు శాస్త్రవేత్తల నుంచే వినిపిస్తోంది. డీఎన్‌ఏ ఒక మనిషి పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారో చాలావరకు చెప్పగలదు. ఆ మనిషి తనను ఏ సమాజానికి చెందినవాడిగా అనుకున్నాడో చెప్పలేదు. రాజకీయాలు మాత్రం ఎప్పుడూ ఆ రెండో ప్రశ్ననే అడుగుతాయి.

ప్రశ్న: శాస్త్రీయ ఆధారం గట్టిగా ఉన్నప్పుడు ప్రభుత్వాలు మాత్రం ఏం చేయగలవు? చివరికి నిజాన్ని అంగీకరించాల్సిందే కదా?

జవాబు: అంగీకరిస్తాయి, ఒక్కోసారి డెబ్బై అయిదేళ్ల తర్వాత. ఆఫ్రికా దక్షిణ భాగంలోని గ్రేట్ జింబాబ్వేలో సున్నం వాడకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన భారీ గోడల శిథిలాలు ఉన్నాయి. అవి సుమారుగా 11 నుంచి 15వ శతాబ్దం వరకు షోనా ప్రజల పూర్వీకులు కట్టినవి. 1871లో అక్కడికి చేరిన జర్మన్ యాత్రికుడు కార్ల్ మౌఖ్ వాటిని బైబిల్‌లోని షీబా రాణితో ముడిపెట్టారు. ఆ తర్వాత ఆ ప్రాంతాన్ని స్వాధీనం చేసుకున్న బ్రిటిష్ సామ్రాజ్యవాది సెసిల్ రోడ్స్ కంపెనీకి ఈ కథ అన్ని విధాలా అనుకూలించింది; బయటినుంచి వచ్చిన నాగరికులే ఒకప్పుడు ఇక్కడ ఏలారంటే, మళ్లీ బయటినుంచి వచ్చి ఏలడంలో తప్పేముందని చెప్పుకోవచ్చు. 1902లో ఆ శిథిలాల పర్యవేక్షకుడిగా నియమితుడైన రిచర్డ్ హాల్ అనే పాత్రికేయుడు పై పొరలను తరువాతి కాలపు ఆఫ్రికన్లు వదిలిన చెత్తగా భావించి తవ్వించి పారబోయించారు. కట్టినవారి ఆనవాళ్లు ఆ పారబోసిన మట్టిలోనే ఉన్నాయి.

1905లో డేవిడ్ రాండల్-మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ మిగిలిన పొరలను జాగ్రత్తగా తవ్వి, ఆ కట్టడాలు మధ్యయుగానికి చెందినవని, స్థానిక ఆఫ్రికన్లే కట్టారని తేల్చి చెప్పారు. శాస్త్రానికి సంబంధించినంతవరకు విషయం అక్కడ ముగిసింది. కానీ 1965లో ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న రొడీషియా (అప్పట్లో ఆ దేశం పేరు) శ్వేతజాతి ప్రభుత్వం, పర్యాటకులకు ఇచ్చే పుస్తకాల్లో ఈ నిర్ధారణను సూటిగా రాయనీయకుండా ఒత్తిడి తెచ్చింది. పురావస్తు శాఖలో పనిచేసిన పీటర్ గార్లేక్ 1970లో పదవి వదిలి దేశం విడిచి వెళ్లారు. 1980లో స్వాతంత్ర్యం వచ్చాక ఆ దేశం ఆ శిథిలాల పేరునే తన పేరుగా పెట్టుకుంది. అక్కడ దొరికిన రాతి పక్షి బొమ్మ జాతీయ పతాకం మీదికి ఎక్కింది. ఇది న్యాయమైన గౌరవమే. అయితే జాతీయ చిహ్నంగా మారిన శిథిలం మీద ఇబ్బందికరమైన ప్రశ్నలు అడగడం అప్పటినుంచి మరో రకంగా కష్టమవుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ప్రశ్న: కింది పొరను చూడాలంటే పై పొరను తీయక తప్పదు. ఇది సాంకేతికమైన విషయం. ఇందులో రాజకీయం ఎక్కడిది?

జవాబు: ఎక్కడ ఆగాలన్న నిర్ణయంలో ఉంది. ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ కొండ మీద ఈరోజు మనకు కనిపించేది క్రీ.పూ. ఐదో శతాబ్దపు పాలరాయి, దాని చుట్టూ ఖాళీ బండ. నిజానికి అక్కడి ప్రధాన ఆలయం పార్థెనాన్ దాదాపు వెయ్యేళ్లు చర్చిగా ఉంది, పదిహేనో శతాబ్దంలో మసీదు అయింది. 1687 సెప్టెంబరు 26న వెనీస్ సేనలు పేల్చిన గుండు లోపల ఒట్టోమన్లు దాచిన మందుగుండుకు తగిలి ఆ కట్టడం మధ్య భాగం ఎగిరిపోయింది. తర్వాత ఆ శిథిలాల మధ్యే ఒక చిన్న మసీదు కట్టుకున్నారు. గ్రీసు స్వతంత్ర దేశమయ్యాక ఆ మసీదును, ఒట్టోమన్ దండు ఇళ్లను, మధ్యయుగపు గోడలను ఒక్కొక్కటిగా తొలగించారు. కొండ ముఖద్వారం దగ్గర ఎత్తుగా నిలిచిన ఫ్రాంకుల (మధ్యయుగంలో అక్కడ ఏలిన పశ్చిమ యూరప్ వారి) కాలపు బురుజును 1870ల మధ్యలో పడగొట్టారు. ఆ ఖర్చు భరించింది ట్రాయ్ తవ్వకాలతో పేరు తెచ్చుకున్న హైన్రిఖ్ ష్లీమన్. 1885–1890 మధ్య జరిగిన తవ్వకాలు రాతి బండ వరకు వెళ్లాయి.

ఆ తవ్వకాల వల్ల లాభం లేదనడం అన్యాయం. క్రీ.పూ. 480లో పర్షియన్లు ధ్వంసం చేశాక ఏథెన్స్ వాసులు పూడ్చిపెట్టిన కన్యల శిల్పాలు వాటివల్లే దొరికాయి. గ్రీకు శిల్పకళ గురించి మన అవగాహనను అవి మార్చేశాయి. అయితే అందుకు పోగొట్టుకున్న రెండు వేల ఏళ్ల జీవితం గురించి మనకు మిగిలింది పాత చిత్రాలు, యాత్రికుల రాతలు, కొన్ని తొలినాళ్ల ఫోటోలు మాత్రమే. కొత్త దేశం తన గతంలో ఏ శతాబ్దాన్ని చూపించదలచుకుందో ఆ కొండను చూస్తే తెలుస్తుంది. ఈనాటి మంచి తవ్వకానికి నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే: తీసేసిన పొరలను కూడా, అవి ఎవరివైనా సరే, అంతే శ్రద్ధగా నమోదు చేశారా, ఆ నివేదికను అచ్చు వేశారా అని చూస్తాను.

ప్రశ్న: స్థల వివాదాల్లో న్యాయస్థానాలు తవ్వకాలకు ఆదేశిస్తున్నాయి. పురావస్తు నివేదిక ఆధారంగా ఒక స్థలం ఎవరిదో తేల్చవచ్చా? అయోధ్య తీర్పు అలాంటిదే కదా?

జవాబు: ఆ తీర్పు గురించి సమర్థించేవారు, వ్యతిరేకించేవారు కూడా పొరపాటుగా చెప్పే విషయం ఒకటుంది. అలహాబాద్ హైకోర్టు ఆదేశంతో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ 2003లో అక్కడ తవ్వకాలు జరిపింది. 2019 నవంబరు 9న అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు ఆ నివేదికను లోతుగా చర్చించింది. మసీదు ఖాళీ నేల మీద కట్టినది కాదని, దాని కింద సుమారు పన్నెండో శతాబ్దానికి చెందిన, ఇస్లామేతరమైన కట్టడం ఉన్నదని కోర్టు అంగీకరించింది. అదే సమయంలో, ఆ పాత కట్టడాన్ని మసీదు కోసమే కూల్చారా అన్నదానికి నివేదికలో జవాబు లేదని, ఆ కట్టడానికీ మసీదుకూ మధ్య దాదాపు నాలుగు శతాబ్దాల వ్యవధి ఉందని గుర్తించింది. అన్నిటికంటే ముఖ్యంగా, పురావస్తు నిర్ధారణల మీద భూమి హక్కును తేల్చడం చట్టరీత్యా కుదరదని, హక్కును స్థిరపడిన న్యాయసూత్రాల ప్రకారం, సాక్ష్యాల ఆధారంగా నిర్ణయించాలని స్పష్టంగా చెప్పింది. ఆ స్థలాన్ని ఎవరు ఎంతకాలం ఎలా వాడుకున్నారు, ఎవరి స్వాధీనంలో ఉంది అన్న సాక్ష్యాలను తూచి తీర్పు ఇచ్చింది. 1992 డిసెంబరు 6 నాటి కూల్చివేత చట్టపాలనకు తీవ్రమైన ఉల్లంఘన అని కూడా అదే తీర్పులో ఉంది. ఆ సాక్ష్యాలను కోర్టు తూచిన తీరుతో ఏకీభవించాలా వద్దా అన్నది వేరే చర్చ. తవ్వకమే స్థలాన్ని ఇప్పించిందన్న మాట మాత్రం తీర్పులో లేదు.

దీనికి అరవై ఏళ్ల కిందటి అంతర్జాతీయ ఉదాహరణ ఒకటుంది. కంబోడియా, థాయిలాండ్ సరిహద్దులో కొండ అంచున ఉన్న ప్రియా విహార్ శివాలయం ఖ్మేర్ రాజులు కట్టించినది. అది ఎవరిదన్న వివాదం అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లినప్పుడు ఇరుపక్షాలూ చరిత్రను, మతాన్ని, పురావస్తు ఆధారాలను ముందు పెట్టాయి. 1962 జూన్ 15న 9–3 మెజారిటీతో కంబోడియాకు అనుకూలంగా తీర్పు వచ్చింది, కానీ ఆ వాదనలు చట్టరీత్యా నిర్ణాయకం కావని న్యాయస్థానం ఒక్క వాక్యంలో పక్కన పెట్టింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రెంచి అధికారులు గీసిన పటంలో ఆలయం కంబోడియా వైపు ఉండటం, దశాబ్దాల పాటు థాయిలాండ్ దానికి అభ్యంతరం చెప్పకపోవడం తీర్పుకు ఆధారమయ్యాయి. తొమ్మిది వందల ఏళ్ల నాటి గుడికి యాభై ఏళ్ల నాటి పటం యజమానిని నిర్ణయించిందని వింటే విడ్డూరంగా ఉంటుంది, కానీ నాకు అది తెలివైన పనిగానే కనిపిస్తుంది. కట్టిన రాజవంశాన్ని బట్టి సరిహద్దులు గీయడం మొదలుపెడితే ప్రపంచంలో ఏ సరిహద్దూ నిలవదు. తీర్పు వచ్చినా గొడవ ఆగలేదు. 2008లో ఆలయం ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పటి నుంచి 2011 వరకు అక్కడ రెండు సైన్యాలూ కాల్పులు జరుపుకున్నాయి, 2013లో న్యాయస్థానం తన పాత తీర్పుకు మళ్లీ వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

ప్రశ్న: యుద్ధంలో చారిత్రక కట్టడాలను ధ్వంసం చేస్తే శిక్ష పడుతుందా? అలా ఎవరికైనా పడిందా?

జవాబు: పడింది, కానీ అరుదుగా. 1954 మే 14న హేగ్‌లో కుదిరిన ఒడంబడిక సాయుధ ఘర్షణల్లో సాంస్కృతిక సంపద మీద దాడి చేయకూడదని, దానిని సైనిక అవసరాలకు వాడుకోకూడదని చెబుతుంది. అందులో ఒక పెద్ద మినహాయింపు ఉంది: తప్పనిసరి సైనిక అవసరం. ఆ మాట వెనక 1944 ఫిబ్రవరి 15న ఇటలీలోని మోంటే కాసినో మఠం మీద మిత్రపక్షాలు వేసిన బాంబుల వంటి అనుభవాలు ఉన్నాయి. ఆ మఠంలో జర్మన్ సైన్యం ఉందని అనుమానించి దానిని నేలమట్టం చేశారు. అప్పటివరకు లోపల మకాం పెట్టని జర్మన్లు, కూలిన తర్వాత ఆ శిథిలాలను రక్షణ స్థావరంగా వాడుకున్నారు.

1991 డిసెంబరు 6న క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ పాత నగరం మీద ఫిరంగులు పేల్చినందుకు పూర్వపు యుగోస్లావియా యుద్ధనేరాల ట్రైబ్యునల్ ఇద్దరు సైనికాధికారులకు జైలు శిక్ష వేసింది. 2012లో మాలీలోని టింబక్టులో సూఫీ గురువుల సమాధి మందిరాలను కూల్చినందుకు అహ్మద్ అల్ ఫకీ అల్ మహ్దీ నేరం ఒప్పుకోగా, 2016 సెప్టెంబరు 27న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఆయనకు తొమ్మిదేళ్ల శిక్ష విధించింది. కేవలం సాంస్కృతిక విధ్వంసం మీదే ఆ కోర్టులో నడిచిన మొదటి కేసు అది. మరోవైపు 1993 నవంబరు 9న బోస్నియా క్రొయేట్ దళాలు కూల్చిన మోస్తార్ పాత వంతెన విషయంలో దిగువ విచారణలో నేరంగా తేలినది 2017లో అప్పీలులో నిలవలేదు. శత్రుసేనలు ఆ వంతెనను వాడుకుంటున్నాయి కనుక అది సైనిక లక్ష్యమేనని అప్పీలు ధర్మాసనం అన్నది. ఆ వంతెన 1566 నాటిదన్నది, రెండు ఒడ్ల ప్రజలకూ అది ప్రాణప్రదమన్నది ఆ లెక్కలోకి రాలేదు. నా దృష్టిలో ఒడంబడికలోని ఆ మినహాయింపు ఎంత వెడల్పయినదో చెప్పడానికి ఈ ఒక్క కేసు చాలు.

ప్రశ్న: ఆక్రమించుకున్న భూభాగంలో తవ్వకాలు జరపవచ్చా?

జవాబు: జరపకూడదన్నది సాధారణ నియమం. 1956లో న్యూఢిల్లీలో జరిగిన యునెస్కో మహాసభ ఆమోదించిన సిఫార్సు, ఆక్రమించిన దేశం అక్కడ తవ్వకాలకు దూరంగా ఉండాలని కోరింది. పైన చెప్పిన హేగ్ ఒడంబడికకు 1999లో చేర్చిన అనుబంధం, అంటే రెండో ప్రోటోకాల్, దీనిని చట్టంగా మార్చి, సంపదను కాపాడటానికి లేదా నమోదు చేయడానికి కచ్చితంగా అవసరమైతే తప్ప తవ్వకాలను నిషేధించింది. ఆ ప్రోటోకాల్ సంతకం చేసిన దేశాలకే వర్తిస్తుంది. రష్యా, ఇజ్రాయెల్ అందులో చేరలేదు. క్రిమియాలోని ఖెర్సోనెసోస్ గ్రీకు నగర శిథిలాలు 2013లో ఉక్రెయిన్ తరఫున ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి, మరుసటి ఏడాది రష్యా క్రిమియాను కలుపుకొంది. కీవ్ రాజు వ్లాదిమిర్ క్రైస్తవ దీక్ష పుచ్చుకున్నది ఇక్కడేనన్న సంప్రదాయాన్ని గుర్తుచేస్తూ అధ్యక్షుడు పుతిన్ 2014 డిసెంబరు ప్రసంగంలో ఆ నేలను జెరూసలేం ఆలయ కొండతో పోల్చారు. ఆ తర్వాత అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి, పక్కనే కొత్త మ్యూజియం, ఆలయ సముదాయం లేచాయి. అది రక్షణ కోసం చేసిన తవ్వకమని రష్యా వాదన. రక్షించాల్సిన అవసరం అక్కడ కట్టదలచిన కొత్త భవనాల వల్లే వచ్చినప్పుడు ఆ వాదన నాకు నిలబడేదిగా కనిపించదు.

ప్రశ్న: బజారులో అమ్మకానికి వచ్చిన పురాతన వస్తువును కొని మ్యూజియంలో భద్రపరిస్తే మంచిదే కదా? యుద్ధంలో నాశనం కాకుండా మిగులుతుంది.

జవాబు: కొనేవాడు ఉన్నాడని తెలిస్తేనే తవ్వేవాడు రాత్రిపూట పార పట్టుకుంటాడు. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్‌లోని ఇరాక్ మ్యూజియం నుంచి సుమారు 15,000 వస్తువులు దోపిడీ అయ్యాయి. వాటికి జాబితా సంఖ్యలు ఉన్నాయి కనుక చాలావాటిని గుర్తించి వెనక్కి తేగలిగారు. తవ్వకాల చోట నేరుగా నేలలోంచి దొంగిలించిన వస్తువుకు అలాంటి ఆనవాలు ఉండదు. ప్రాచీన మెసొపొటేమియా (నేటి ఇరాక్ ప్రాంతం) నాటి గిల్గమెష్ కావ్యంలోని ఒక భాగం చెక్కిన మట్టి పలకను తప్పుడు పత్రాలతో అమెరికాలో పదహారు లక్షల డాలర్లకు పైగా ధరకు అమ్మారు. అది 2021లో ఇరాక్ చేరింది. పలక తిరిగి వచ్చింది, అందులోని అక్షరాలు చదవగలం. అది ఏ గదిలో, ఏ పొరలో, వేటి పక్కన ఉండేదన్నది ఎప్పటికీ తెలియదు. పురావస్తు శాస్త్రానికి ఆ చుట్టుపక్కల సమాచారమే అసలు ఆధారం.

ప్రశ్న: మనుషులు చచ్చిపోతున్నచోట రాళ్ల గురించి, విగ్రహాల గురించి ప్రపంచం కన్నీరు పెట్టడం నాకు అసహ్యంగా ఉంటుంది. మీరేమంటారు?

జవాబు: మీ కోపంలో చాలా న్యాయం ఉంది. 2015 ఆగస్టులో సిరియాలోని ప్రాచీన నగరం పాల్మైరాలో బెల్ ఆలయాన్ని ఇస్లామిక్ స్టేట్ ముఠా కూల్చినప్పుడు ప్రపంచ పత్రికలు దానికిచ్చిన చోటు ఆ యుద్ధంలో చనిపోతున్న సిరియన్లకు ఇవ్వలేదు. ఆ ఆలయాన్ని పేల్చడానికి కొద్ది రోజుల ముందు, ఆ శిథిలాలను దశాబ్దాల పాటు సంరక్షించిన వృద్ధ పురావస్తు శాస్త్రవేత్త ఖాలిద్ అల్ అసాద్‌ను అదే ముఠా బహిరంగంగా చంపింది. మరుసటి వసంతంలో పాల్మైరా విజయ తోరణం నమూనాను యంత్రాలతో చెక్కి లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిలబెట్టారు. అది చూడటానికి గుమిగూడినవారు ఆ నగరం నుంచి పారిపోయిన కుటుంబాల గురించి ఏమైనా విన్నారా అన్నది నన్ను ఇప్పటికీ వేధిస్తుంది.

అయినా రాళ్లకూ మనుషులకూ మధ్య మీరు పెట్టిన గీత, ధ్వంసం చేసేవారు పెట్టుకోరు. అజర్‌బైజాన్‌లో భాగమైన నఖిచెవాన్‌లోని జుల్ఫాలో ఆర్మేనియన్ల పురాతన శ్మశానవాటికలో వేలకొద్దీ చెక్కిన శిలువ రాళ్లు ఉండేవి. 1998 నుంచి 2005 వరకు వాటిని పగలగొట్టారు. ఉపగ్రహ చిత్రాల్లో 2003 నాటికి ఉన్న రాళ్లు 2009 నాటికి లేవు. అక్కడ ఆర్మేనియన్లు అప్పటికే దాదాపు ఎవరూ మిగలలేదు. బతికి ఉన్నవారిని వెళ్లగొట్టాక, వారు ఎన్నడూ లేరని చెప్పడానికి రాళ్లు అడ్డుపడతాయి కాబట్టి వాటి పని పట్టారు. జుల్ఫాను అందుకే నేను మనుషుల కథల్లోనే లెక్కవేస్తాను.

ప్రశ్న: ఇంత చెప్పారు. ఈ శాస్త్రం వల్ల ఎక్కడైనా ఘర్షణ తగ్గిందా, బాధితులకు మేలు జరిగిందా?

జవాబు: జరిగింది, ఎక్కువగా గుళ్ల దగ్గర, కోటల దగ్గర కాకుండా సామూహిక సమాధుల దగ్గర. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో సుమారు 8,000 మంది బోస్నియా ముస్లిం పురుషులను, బాలురను చంపి పూడ్చారు. కొన్ని నెలల తర్వాత నేరాన్ని దాచడానికి ఆ గోతులను యంత్రాలతో తవ్వి శరీరాలను దూరప్రాంతాల్లోని వేరే గోతులకు తరలించారు. ఒకే మనిషి అస్థికలు రెండు మూడు చోట్లకు చెదిరిపోయాయి. అక్కడ తవ్విన పురావస్తు శాస్త్రవేత్తలు పాత పద్ధతులనే వాడారు. మట్టి రంగును, తూటా గుల్లలను, ఒక సీసాల కర్మాగారం దగ్గరి గాజు ముక్కలను పోల్చి, ఏ రెండో గోతిలోని శరీరాలు ఏ మొదటి గోతి నుంచి వచ్చాయో నిరూపించారు. ఆ నివేదికలు ట్రైబ్యునల్‌లో సాక్ష్యమయ్యాయి, డీఎన్‌ఏ పరీక్షలతో వేలమంది పేర్లు తేలాయి.

సైప్రస్‌లో పని వేరే తరహాలో నడుస్తోంది. 1963–64 అల్లర్లలో, 1974లో టర్కీ సైన్యం దిగిన యుద్ధంలో కనిపించకుండా పోయినవారి అధికారిక జాబితాలో 2,002 పేర్లు ఉన్నాయి: 1,510 మంది గ్రీకు సైప్రియట్లు, 492 మంది తుర్కు సైప్రియట్లు. వారిని వెతకడానికి 1981లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఉమ్మడి కమిటీ ఏర్పడినా పాతికేళ్లు నేల మీద పెద్దగా ఏమీ కదలలేదు. 2006 నుంచి రెండు సమాజాల యువ పురావస్తు శాస్త్రవేత్తలు ఒకే బృందంగా ఒకే గోతిలో దిగి తవ్వుతున్నారు. నికోసియాలోని ఐక్యరాజ్యసమితి రక్షిత ప్రాంతంలో ఉన్న ప్రయోగశాలలో అస్థికలను కలిసి పరిశీలిస్తున్నారు. వెయ్యి మందికి పైగా అస్థికలు వారి కుటుంబాలకు చేరాయి. ఇది సాధ్యం కావడానికి రెండు పక్షాలూ ఒప్పుకున్న షరతు ఒకటి ఉంది: మరణానికి కారణం ఏమిటన్నది, బాధ్యులెవరన్నది కమిటీ తేల్చదు. స్రెబ్రెనిత్సాలో ఎముక న్యాయస్థానం దాకా వెళ్లింది, సైప్రస్‌లో ఇంటి దాకా వెళ్లి ఆగుతోంది. ఆ షరతు లేకపోతే తవ్వకమే మొదలయ్యేది కాదని కమిటీని సమర్థించేవారు అంటారు, అది నిజమే కావచ్చు. కొన్ని కుటుంబాలకు అది చాలలేదు. అవి వేసిన కేసులో 2009 సెప్టెంబరులో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం, కమిటీ పని ఎంత విలువైనదైనా దర్యాప్తుకు ప్రత్యామ్నాయం కాదని, ఆ మనుషులు ఏమయ్యారో విచారించే బాధ్యత టర్కీ మీద ఇంకా ఉందని తీర్పు చెప్పింది.